పది రంధ్రాలు చాలు

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్ మెట్లు దిగగానే ముందు కనిపించేవి బోర్డులు. గ్రూప్స్, బ్యాంక్, ఎస్సై, డీఎస్సీ, జావా, పైథాన్, స్పోకెన్ ఇంగ్లిష్. చైతన్యపురి దాకా, అక్కణ్నుంచి కొత్తపేట దాకా ఏ అంతస్తు చూసినా ఏదో ఒక కోర్సు. జిల్లాల నుంచి వచ్చిన పిల్లలు ఆ బోర్డుల కిందే తిరుగుతారు, ఆ సందుల్లోని హాస్టళ్లలోనే ఉంటారు. వాళ్లలో చాలామందిని లోపల తినేసే మాట ఒక్కటే: ‘నా దగ్గర సరిపడా లేదు’. ఇంగ్లిష్ సరిపోదు. డిగ్రీ సరిపోదు. చదివిన కాలేజీ పేరు సరిపోదు. అందుకే ఒక కోర్సు సగంలో ఆపి ఇంకోదాంట్లో చేరతారు. చేతిలో ఉన్నదాన్ని అడుగంటా వాడకముందే లేనిదాని వెనక పరుగెడతారు.

వాళ్లందరికీ ఒక వాద్యాన్ని పరిచయం చేయాలనిపిస్తుంది. అది చొక్కా జేబులో పడుతుంది. దానికి తీగల్లేవు, మెట్లు లేవు, కరెంటు అక్కర్లేదు. ఉన్నవి పది రంధ్రాలు. లోకం దాన్ని హార్మోనికా అంటుంది, మనం మౌత్ ఆర్గాన్ అంటాం. పిల్లల ఆటవస్తువుగా చూసిన ఆ చిన్న డబ్బాతో సోల్, ఫంక్, రిథమ్ అండ్ బ్లూస్ సంగీతంలో కొందరు ఏం సాధించారో తెలిస్తే ‘నా దగ్గర సరిపడా లేదు’ అనడానికి నోరు రాదు.

చిన్నచూపు చూసినదే చరిత్ర రాసింది

జర్మనీలోని ట్రాసింగెన్ అనే చిన్న ఊళ్లో 1857లో మథియాస్ హోనర్ హార్మోనికాల తయారీ మొదలుపెట్టాడు. అక్కడి జానపద పాటలు వాయించుకోవడానికి చేసిన వస్తువది. ఓడలెక్కి అమెరికా చేరింది. అక్కడ పత్తిచేలల్లో, రైలు పట్టాల మీద చెమటోడ్చే నల్లజాతి కూలీల జేబుల్లోకి వెళ్లింది. పియానో కొనే స్తోమత లేనివాళ్లకు అదే పియానో అయింది. వాళ్ల బ్లూస్ పాటతో పాటే పెరిగి, రిథమ్ అండ్ బ్లూస్‌లోకి, సోల్‌లోకి, చివరికి ఫంక్‌లోకి వచ్చింది.

మనకు ఈ వాద్యం సినిమాల ద్వారా తెలుసు. 1964 నాటి హిందీ ‘దోస్తీ’లో దాని పాత్ర పెద్దది. ఆ కథనే బాపు 1977లో ‘స్నేహం’గా తెలుగులో తీశారు. 1975లో వచ్చిన ‘షోలే’లో సాయంత్రం పూట అరుగు మీద కూర్చుని అమితాబ్ ఊదే మౌత్ ఆర్గాన్ ఇప్పటికీ చాలామంది చెవుల్లో ఉంది. మన తెరమీద అది ఒంటరివాడి తోడు. అదే 1975లో అమెరికాలో ‘లో రైడర్’ అనే ఫంక్ పాట వచ్చింది. అందులో హార్మోనికా ఒంటరిగా లేదు. పూర్తి బృందం మధ్యలో నిలబడి, వింటున్నవాళ్ల కాళ్లను కదిలించింది. వాద్యం అదే, పనితనం వేరు.

ఆ పనితనంలోంచి మనం నేర్చుకోవాల్సిన ఆరు పాఠాలు ఇవి.

1. లేని స్వరాన్ని పుట్టించండి

సి శ్రుతిలో ఉన్న పది రంధ్రాల హార్మోనికా తీసుకుందాం. మొదటి రంధ్రంలో ఊదితే షడ్జం, పీలిస్తే రిషభం. రెండో రంధ్రంలో ఊదితే గాంధారం, పీలిస్తే పంచమం. మూడోదాంట్లో ఊదితే మళ్లీ పంచమం, పీలిస్తే నిషాదం. నాలుగో రంధ్రంలో పైషడ్జం వచ్చేస్తుంది. లెక్క చూడండి. స, రి, గ, ప, ని ఉన్నాయి. మధ్యమం లేదు, ధైవతం లేదు. కింది స్థాయిలో ఆ రెండు స్వరాలకు తయారుచేసినవాడు చోటే పెట్టలేదు.

మరి వాయించేవాళ్లు ఏం చేశారు? ‘రెండు స్వరాలు లేవు, ఇది పనికిరాదు’ అని పక్కన పడేయలేదు. రెండో రంధ్రంలో గాలి పీలుస్తూ నాలుకను వెనక్కి, కిందికి జార్చారు. పంచమం వంగి మధ్యమంలోకి దిగింది. మూడో రంధ్రంలో అలాగే చేస్తే నిషాదం వంగి ధైవతమైంది. ఒకే రంధ్రంలో ఊదడానికో రీడు, పీల్చడానికో రీడు ఉంటాయి; రీడు అంటే గాలికి కంపించే సన్నని లోహపు రేకు. నోటి లోపలి ఆకారం మారితే ఆ రెండూ ఒకదానికొకటి స్పందించి, రెండింటికీ మధ్యనున్న స్వరాన్ని పలికిస్తాయి. దీన్ని బెండింగ్ అంటారు. బ్లూస్‌లోని ఏడుపు, సోల్‌లోని ఆర్తి, ఫంక్‌లోని పొగరు, అన్నీ ఈ వంపులోంచే వచ్చాయి.

మన దేశంలో జరిగినదాంతో పోల్చుకుంటే దీని విలువ ఇంకా తెలుస్తుంది. హార్మోనియం రీడ్లు గమకం పలకలేవని ఆకాశవాణి 1940లో దాన్ని నిషేధించింది. 1971 దాకా ఆ తలుపు తెరుచుకోలేదు. హార్మోనికా కూడా రీడ్ల వాద్యమే, హార్మోనియానికి చిన్న చుట్టమే. అయినా నోటితో, నాలుకతో, ఊపిరితో దానిచేత గమకం పలికించారు. రీడు లోహమే కావచ్చు, దాన్ని కదిలించే మనిషి ఊపిరి మాత్రం లోహం కాదు.

మీ డిగ్రీలో లేని విషయం, మీ సిలబస్‌లో లేని నైపుణ్యం కూడా అలాంటి స్వరమే. అది లేదని కూర్చోకండి. ఉన్నదానికి దగ్గర్లో ఏముందో చూసి అక్కణ్నుంచి వంచండి. బీకాం చదివి డేటా ఉద్యోగం కావాలనుకునేవాడు ముందు తనకు తెలిసిన జమాఖర్చులనే ఎక్సెల్‌లో పెట్టి మొదలుపెట్టాలి. పంచమం తెలిసినవాడికే మధ్యమం దొరుకుతుంది.

2. వైపు మార్చి చూడండి

హార్మోనికాను ఊదడానికి తయారుచేశారు. గాలి బయటికి వదిలితే నిండుగా, కమ్మగా మోగేలా స్వరాలు అమర్చారు. బ్లూస్ కళాకారులు దాన్ని తిరగేశారు. పీల్పుకు ప్రాధాన్యమిచ్చారు. సి శ్రుతి వాద్యాన్ని జి శ్రుతిలో, అంటే పంచమాన్నే షడ్జం చేసుకుని వాయించారు. దీనికి క్రాస్ హార్ప్ అని పేరు.

సంగీతం తెలిసిన తెలుగువాళ్లకు ఇది కొత్త కాదు. మన గ్రహభేదం ఇదే. శంకరాభరణంలో పంచమాన్ని ఆధార షడ్జంగా తీసుకుంటే హరికాంభోజి వస్తుంది. స్వరాలు అవే, నిలబడే చోటు మారింది, రాగమే మారిపోయింది. జర్మనీవాళ్లు శంకరాభరణం కోసం చేసిపెట్టిన వాద్యంలో అమెరికా నల్లజాతి కూలీలు హరికాంభోజి స్వరాలు వెతికి పట్టుకున్నారు. డయాటోనిక్ అని పిలిచే ఈ పది రంధ్రాల హార్మోనికా సోల్, ఫంక్ పాటల్లో ఎక్కువగా మోగేది ఈ పద్ధతిలోనే.

మీ పరిస్థితుల్ని మార్చుకోలేకపోవచ్చు. నిలబడే చోటు మార్చుకోవచ్చు. పల్లెటూరి నుంచి వచ్చానన్నది ఇంటర్వ్యూలో దాచుకునే విషయం అనుకుంటే అది బలహీనత. రైతు సమస్య పుస్తకంలో కాదు, ఇంట్లో చూశానన్న చోట నిలబడి మాట్లాడితే అదే మీ బలం.

3. వినిపించకపోతే పద్ధతి మార్చండి

అమెరికాలోని లూసియానా రాష్ట్రంలో పుట్టిన హార్మోనికా కళాకారుడు లిటిల్ వాల్టర్ చికాగో చేరేసరికి అక్కడ ఎలక్ట్రిక్ గిటార్లు రాజ్యమేలుతున్నాయి. ఆ హోరులో చిన్న హార్మోనికా ఎవరికీ వినపడదు. వాల్టర్ ఇంకా గట్టిగా ఊదడానికి ప్రయత్నించలేదు. చవకరకం మైకును హార్మోనికాతో కలిపి రెండు అరచేతుల మధ్య బిగించి పట్టుకున్నాడు. దాన్ని గిటారు యాంప్లిఫైయర్‌కు కలిపాడు. గాలి బయటికి పోకుండా చేతులు మూస్తే ధ్వని బరువెక్కింది, తెరిస్తే పదునెక్కింది. సాక్సోఫోన్‌కు సాటి వచ్చే కొత్త గొంతు పుట్టింది.

1952లో అతను రికార్డు చేసిన ‘జూక్’లో మాటలు లేవు, హార్మోనికా మాత్రమే ముందుంటుంది. అది బిల్‌బోర్డ్ రిథమ్ అండ్ బ్లూస్ జాబితాలో 8 వారాలు మొదటి స్థానంలో నిలిచింది. అప్పటికి వాల్టర్ వయసు 22 ఏళ్లు. ఇవాళ దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్ బెంచీ మీద కూర్చున్న కుర్రాడి వయసే.

గుంపులో మీ మాట ఎవరూ వినడం లేదా? గొంతు పెంచితే పని కాదు. మాట చేరే దారి వెతకండి. గ్రూప్ డిస్కషన్‌లో అందరూ అరుస్తున్నప్పుడు ఒక కాగితం మీద మూడు అంశాలు రాసుకుని, ఆఖర్లో నెమ్మదిగా ముగింపు చెప్పినవాడే గుర్తుండిపోతాడు.

4. ఆగడం నేర్చుకోండి

ఫంక్ సంగీతానికి ప్రాణం తాళం. 1965 ప్రాంతం నుంచి గాయకుడు జేమ్స్ బ్రౌన్ మొదటి దెబ్బ మీద బరువు పెట్టి పాట నడకనే మార్చేశాడు. మన లెక్కలో చెప్పాలంటే సమం మీద అందరూ ఒక్కసారి దిగాలి, మిగతా చోట్ల ఎవరి ఖాళీ వాళ్లు కాపాడుకోవాలి. అక్కడ హార్మోనికా వరదలా పారకూడదు. రెండు ముక్కలు పలికి ఆగాలి. బాస్ గిటారుకు చోటివ్వాలి. డ్రమ్ముకు చోటివ్వాలి. మళ్లీ తన వంతు రాగానే గురి తప్పకుండా దిగాలి.

స్లిమ్ హార్పో అనే కళాకారుణ్ని వింటే ఇది అర్థమవుతుంది. అతని ‘బేబీ స్క్రాచ్ మై బ్యాక్’ 1966లో రిథమ్ అండ్ బ్లూస్ జాబితాలో మొదటి స్థానానికి వెళ్లింది. అందులో హార్మోనికా పలికేది చాలా తక్కువ. ఒక పలుకు, కాస్త ఖాళీ, గిటారు జవాబు, మళ్లీ ఒక పలుకు. ఆ ఖాళీయే వినేవాణ్ని కట్టిపడేస్తుంది. ఇంకో సంగతి. హార్పో పూర్తిగా సంగీతాన్నే నమ్ముకోలేదు. సొంతంగా లారీల వ్యాపారం నడిపేవాడు. ఎల్బీ నగర్ చౌరస్తాలో విజయవాడ వైపు వెళ్లే వాహనాల మధ్య బతుకుతెరువు వెతుక్కునేవాళ్లకు ఈ మాట నచ్చుతుంది. కడుపు నింపే పని ఒకటి, మనసు నింపే పని ఒకటి పక్కపక్కనే నడవొచ్చు. ఒకదాని కోసం ఇంకోదాన్ని చంపుకోనక్కర్లేదు.

ఆగడం రాని మనిషి మాటకు బరువుండదు. ఇంటర్వ్యూలో ప్రశ్న పూర్తికాకముందే జవాబు మొదలుపెట్టేవాళ్లు ఎందరో. ఒక్క శ్వాస తీసుకోండి. అడిగినదానికి చెప్పండి, చెప్పాక ఆపేయండి.

5. పక్కవాడితో కలిసి పలకండి

డెన్మార్క్‌లోని కోపెన్‌హాగన్‌లో పుట్టిన లీ ఆస్కర్ 18 ఏళ్ల వయసులో, 1966లో, అమెరికా వచ్చాడు. ఊరు తెలియదు, మనుషులు తెలియదు. జేబులో హార్మోనికా ఉంది. లాస్ ఏంజెలెస్‌లో ‘వార్’ అనే బృందంలో చేరాడు. అందులో ఎక్కువమంది నల్లజాతి కళాకారులు. ఈ తెల్లకుర్రాడు వాళ్ల తాళంలో కరిగిపోయాడు.

వార్ పాటల్లో ఒక ప్రత్యేక ధ్వని ఉంది. ఆస్కర్ హార్మోనికా, చార్లెస్ మిల్లర్ సాక్సోఫోన్ ఒకే వరసను ఒకేసారి పలుకుతాయి. ‘లో రైడర్’లో ఆ వరస వినండి. రెండు వాద్యాలని గుర్తుపట్టడానికే కాసేపు పడుతుంది. ఒకరి ఊపిరి ముందు పడితే ఆ అందం చెడుతుంది. నేను పైనుండాలని ఒకరనుకుంటే చెడుతుంది. ఇద్దరూ తమ పేరు పక్కనపెట్టి పాటను ముందు పెట్టారు కాబట్టే ఇద్దరి పేర్లూ మిగిలాయి.

ఆస్కర్ అక్కడితో ఆగలేదు. వాయించేకొద్దీ రీడ్లు అలసిపోతాయి, శ్రుతి తప్పుతాయి. అప్పుడు వాద్యం మొత్తం మూలన పడేయాల్సి వచ్చేది. ఆ ఇబ్బంది అనుభవించినవాడు కాబట్టి 1983లో జపాన్‌కు చెందిన టోంబో కంపెనీతో కలిసి తన పేరుతో హార్మోనికాలు తెచ్చాడు. వాటిలో పాడైన రీడు పలకను మాత్రం మార్చుకుంటే చాలు. తాను పడ్డ ఇబ్బంది తర్వాతివాళ్లు పడకూడదనుకునేవాడే నిజమైన నిపుణుడు.

మీ హాస్టల్ గదిలో నలుగురుంటే నలుగురూ పోటీదారులు కారు. ఒకరు పాలిటీ చెప్పండి, ఒకరు అర్థమెటిక్ చెప్పండి. కలిసి చదివినవాళ్లు కలిసే ఒడ్డున పడతారు. ఉద్యోగం వచ్చాక మీ నోట్స్ తర్వాతి బ్యాచ్‌కు ఇవ్వండి.

6. తెలియకపోతే అడగండి

గాయకుడు స్టీవీ వండర్ 1950లో నెలలు నిండకుండా పుట్టాడు. ఇంక్యుబేటర్‌లో ఎక్కువైన ఆక్సిజన్ వల్ల చూపు పోయింది. 11 ఏళ్లకే మోటౌన్ రికార్డు కంపెనీ అతనితో ఒప్పందం చేసుకుంది. 1963లో ‘ఫింగర్‌టిప్స్’ అనే పాట రెండో భాగం అమెరికా పాప్ జాబితాలో మొదటి స్థానానికి చేరింది. అప్పటికి అతనికి 13 ఏళ్లు. జనం ముందు వేదికమీద వాయిస్తుండగా రికార్డు చేసిన పాట అది. అందులో హార్మోనికా పట్టుకుని జనాన్ని ఊపేశాడు.

ఆ రికార్డులో ఒక గొప్ప క్షణం ఉంది. పాట అయిపోయిందనుకుని వేదికమీద తర్వాతి బృందం సర్దుకుంటోంది. స్టీవీ ఉన్నట్టుండి మళ్లీ అందుకున్నాడు. అప్పుడే వచ్చి నిలబడ్డ బాస్ వాద్యగాడికి ఏం జరుగుతోందో తెలియదు. ఏ శ్రుతి, ఏ శ్రుతి అని కేక వేసి అడిగాడు. ఆ కేక రికార్డులో అలాగే ఉండిపోయింది. అరవై ఏళ్లు దాటినా ప్రపంచం దాన్ని వింటూనే ఉంది. ఎవరూ అతణ్ని వెక్కిరించలేదు. తెలియనిది అడిగాడు, పాట ఆగకుండా నడిచింది.

అక్కడ రెండు పాఠాలున్నాయి. అవకాశం దొరికితే స్టీవీలా మళ్లీ అందుకోండి. అర్థం కాకపోతే ఆ బాస్ వాద్యగాడిలా గట్టిగా అడగండి. వందలమంది ఉన్న క్లాసులో చెయ్యెత్తడానికి సిగ్గుపడి, ఆ సందేహాన్ని పరీక్ష హాలు దాకా మోసుకెళ్లే పిల్లలు ఎందరో. అడిగితే ఒక నిమిషం నామోషీ. అడక్కపోతే ఏడాది నష్టం.

పెద్దయ్యాక స్టీవీ క్రోమాటిక్ హార్మోనికాకు పెద్ద దిక్కయ్యాడు. పక్కనున్న మీట నొక్కితే 12 స్వరస్థానాలూ పలికే వాద్యమది. 1968 నాటి ‘ఫర్ వన్స్ ఇన్ మై లైఫ్’లో, కూతురు పుట్టిన ఆనందంతో కట్టి 1976లో విడుదల చేసిన ‘ఇజంట్ షీ లవ్లీ’లో అతని హార్మోనికా మనిషి గొంతులాగే మాట్లాడుతుంది.

ఈ నెలే మొదలుపెట్టండి

వీలైతే ఒక హార్మోనికా కొనండి. ఖర్చు గిటారుతో పోలిస్తే చాలా తక్కువ. షాపులో సాధారణంగా ముందు చూపించేది రెండు వరసల ట్రెమొలో రకం. దానిమీద సినిమా పాటలు బాగా పలుకుతాయి కానీ స్వరం సరిగా వంగదు. పది రంధ్రాల డయాటోనిక్, సి శ్రుతి కావాలని అడగండి.

మొదటి వారం ఒక్క రంధ్రంలో ఒక్క స్వరం శుభ్రంగా పలికేలా చూసుకోండి. ఈల వేసేటప్పుడు పెట్టినట్టు పెదవులు చిన్నగా చేయండి. బుగ్గలతో కాదు, పొట్టలోంచి ఊపిరి తీయండి. రెండో వారం కాలితో తాళం వేస్తూ పీల్పు, ఊదుడు మార్చి మార్చి చేయండి. మూడో వారం నాలుగో రంధ్రం పీల్పు మీద వంపు ప్రయత్నించండి. రెండు, మూడు రంధ్రాలకన్నా అక్కడ తేలిగ్గా చిక్కుతుంది. వంగకపోతే గాలి గట్టిగా లాగకండి, రీడు దెబ్బతింటుంది. నాలుక తీరు మార్చండి, బలం పెంచకండి. రోజుకు పావుగంట చాలు. తిన్నాక నోరు పుక్కిలించి వాయించండి, వాద్యాన్ని ఎవరితోనూ పంచుకోకండి. గదిలో చదువుకునేవాళ్లుంటే మేడమీదికి వెళ్లండి, లేదా సాయంత్రం సరూర్‌నగర్ చెరువు గట్టుకు వెళ్లండి.

కొనలేకపోయినా వినండి. ఎల్బీ నగర్ నుంచి మియాపూర్ దాకా మెట్రోలో 29 కిలోమీటర్లు. ఆ ప్రయాణంలో పైన చెప్పిన పాటలన్నీ ఒకసారి అయిపోతాయి. ఈసారి పాటను కాదు, హార్మోనికా ఎక్కడ ఆగుతోందో, ఎక్కడ దిగుతోందో పట్టుకోండి.

ఆ తర్వాత ఒక కాగితం తీసుకుని మీ దగ్గరున్నవి పది రాయండి. చదువు, భాష, ఊరు, తెలిసిన పని, తోడున్న స్నేహితుడు, పొద్దున్నే లేచే అలవాటు, ఏదైనా సరే. ప్రతిదాని ఎదురుగా దాన్ని ఇంతవరకు ఎంత వాడారో నిజాయతీగా రాయండి. సగం కూడా వాడనివే ఎక్కువ కనిపిస్తాయి. కొత్త కోర్సు బోర్డు చూసే ముందు వాటి సంగతి చూడండి.

లిటిల్ వాల్టర్, స్లిమ్ హార్పో, లీ ఆస్కర్, స్టీవీ వండర్... వీళ్లలో ఎవరికీ జీవితం అన్నీ సమకూర్చి పెట్టలేదు. అరచేతిలో ఇమిడే వస్తువును వదలకుండా పట్టుకున్నారు, దాని అంతు చూశారు. మీ చేతిలో ఉన్నది ఏదైనా అది తక్కువ కాదు. ఇవాళే దాన్ని తీయండి, పూర్తిగా వాడండి.